పడుగు మీద దిగిన విమానం

నేను కొలంబో పోయి వచ్చి నాలుగు నెలలు కావస్తున్నది. గద్వాలలో ఏ గల్లీలో నడిచినా ఒకటే ప్రశ్న: "ఇమానం ఎక్కినవంట గద, ఎట్లుంటది?" ఎక్కడం గురించి అడిగేవాళ్లే గాని, అది ఎక్కడ దిగిందని అడిగినవాడు ఇంతవరకు ఒక్కడూ లేడు. అందుకని మొదటి నుంచి చెబుతాను. మధ్యలో నాకు కోపం వస్తుంది. చదివేవాళ్లు ఓర్చుకోవాలి.

గద్వాల

నేను సాలెవాణ్ణి. ఇంట్లో నాలుగు మగ్గాలున్నాయి. నూలు చీరకు పట్టు అంచు, పట్టు కొంగు కలిపి నేస్తాము. కుట్టినట్టు కనిపించకుండా, పోగులో పోగు మెలేసి అంచును కలపడం మా చేతి పని. కొలంబోలో బట్టల దుకాణం ఉన్న ఒక తమిళ శెట్టి మద్రాసులో మా చీర చూశాడట. వాళ్ల ఊళ్లో జరిగే ప్రదర్శనలో ఈ పని చేసి చూపించడానికి ఒక మనిషి కావాలని, రానుపోను విమానం టికెట్టు తానే పెట్టుకుంటానని ఉత్తరం రాశాడు. మా ఇంటిది ఆ ఉత్తరాన్ని మూడుసార్లు చదివించుకుని, "సముద్రం మీద పడితే ఎవర్ని అడగాలె?" అన్నది. అంటూనే జొన్నరొట్టెలు, పల్లి పొడి కట్టి ఇచ్చింది.

రైలు తుంగభద్ర దాటగానే మన హాలీ రూపాయికి విలువ పోతుంది. కర్నూలు స్టేషన్లో టీ తాగి హాలీ బిళ్ల ఇస్తే, టీ అబ్బి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదెక్కడి పెంకు?" అన్నాడు. నాలుగు అడుగుల ఏరు దాటితే మన నైజాము సొమ్ము పెంకైపోయింది. కోపం అక్కడే మొదలైంది నాకు.

కొలంబో

విమానం మద్రాసులో ఎక్కాను. చెవుల్లో పెట్టుకోను దూది ఇచ్చారు, చప్పరించను పిప్పరమెంటు ఇచ్చారు. నూలు పనివాణ్ణి కనుక దూదిని ముందు చేత్తో తీసి చూశాను. పొట్టి పింజ, పనికిరాని సరుకు. సముద్రాన్ని ఏ భయమూ లేకుండా దాటాము. ఆ మాట చెప్పి తీరాలి.

కొలంబోలో ఎనిమిది రోజులు ఉన్నాను. అక్కడ ఆడవాళ్లు కొందరు చీర కుచ్చెళ్లను నడుము దగ్గర బయటికి మడిచి కడతారు, చూడడానికి నడుముకు ఇంకో చిన్న చీర కట్టినట్టుంటుంది. అన్నం ఎర్రగా ఉంటుంది. ప్రతిదాంట్లో కొబ్బరి. పూటకూళ్ల ఇంట్లో భోజనం అరవై సెంట్లు, నీళ్లు మాత్రం అడిగినన్ని. మొదటి రోజు వడ్డించేవాడు ఎర్రటి కొబ్బరి పచ్చడి ఒక చెంచా వేసి, చాలా కారం అని చేతులతో అభినయించి చూపించాడు. గద్వాల మనిషికి కారం సంగతి చెప్పడమా? గిన్నె లాక్కుని మొత్తం అన్నంలో కలుపుకున్నాను. వాడు వంటింట్లో ఉన్నవాళ్లను పిలుచుకొచ్చి నన్ను చూపించాడు. రెండో రోజు నుంచి నేను పోగానే నలుగురు వచ్చి నిలబడేవాళ్లు.

ప్రదర్శనలో నా మగ్గం ముందర జనం బాగానే ఆగారు. ఒక పెద్దావిడ అంచు అతుకు మీద గోరు పెట్టి గీకి, కుట్టు దొరకక, నా ముఖంలోకి చూసి నవ్వింది. ఆ నవ్వు కోసం ఇంకో సముద్రమైనా దాటవచ్చు. పైన పెట్టిన బోర్డు మీద మాత్రం 'మద్రాసు చీరలు' అని రాశారట. ఇంగ్లీషు వచ్చిన మద్రాసు మనిషి చెబితే తెలిసింది. శెట్టిని అడిగితే, "గద్వాల అంటే ఎవరికి తెలుసు?" అన్నాడు. తెలియకపోతే బోర్డు మీద రాస్తేనే కదా తెలిసేది. ఎంత చెప్పినా వినలేదు.

బెంగళూరు మీదుగా

తిరుగు ప్రయాణంలో మద్రాసు నుంచి బెంగళూరు, అక్కడి నుంచి హైదరాబాదు. పొద్దున ఆరున్నరకు బెంగళూరులో లేచాము. మొత్తం పద్నాలుగు మందిమి. నా పక్కన హైదరాబాదు వకీలు గారు ఒకాయన కూర్చున్నాడు. పెద్ద మనిషి, మంచి షేర్వాణీ, ఉర్దూ తెలుగు రెండూ వచ్చు. తాను ఇదివరకు ఆరుసార్లు విమానం ఎక్కానని ఆరుసార్లు చెప్పాడు.

తుంగభద్ర కనిపించింది, ఆ తర్వాత కృష్ణ కనిపించింది. కోతలు అయిపోయిన కాలం, చేలన్నీ బోసిగా ఉన్నాయి. మా పక్క సీమను పై నుంచి చూడడం అదే మొదలు కనుక కళ్లు కిటికీకి అంటించి కూర్చున్నాను. ఎడమ రెక్క మీద యంత్రం పెద్దగా దగ్గింది. ఇంకోసారి దగ్గి నల్లటి పొగ కక్కింది. విమానం ఒక పక్కకు ఒరిగి కిందికి జారడం మొదలుపెట్టింది. సామాన్లు దొర్లాయి. వెనక ఒకాయన కల్మా చదువుతున్నాడు, ఒకావిడ పిల్లను గుండెకు కరుచుకుని ఏడుస్తున్నది. ఆరుసార్లు ఎక్కిన వకీలు గారు నా చేయి పట్టుకుని వదలలేదు.

విమానంలో మాకు టీ ఇచ్చే మనిషి తూలుతూ వచ్చి ఏదో చెప్పాడు. వకీలు గారు తెలుగులో నాకు చెప్పాడు: "పైలట్ దొరకు కింద సున్నం గీతలు పెట్టిన మైదానం కనవడ్డదంట. యుద్ధం దినాల కట్టించినదయి ఉంటది. ఆడ దింపుతడు. బతికినం."

నేను కిటికీలోంచి చూశాను. నిజమే, బోసి నేల మీద రెండు తెల్లటి పొడుగాటి గీతలు. పక్కపక్కనే, తిన్నగా, ముప్పై నలభై బారలు. వాటి వెంబడి చిన్న చిన్న మనుషులు వంగుతున్నారు, లేస్తున్నారు, ఒక అడుగు వేస్తున్నారు, మళ్లీ వంగుతున్నారు. ఆ వంగడం నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. అవి సున్నం గీతలు కావు. సాలెవాళ్ల పడుగులు, మగ్గానికి ఎక్కించే ముందు బారుగా పరిచిన నిలువు పోగులు. పొద్దున్నే గంజి పెట్టి కుంచెతో దువ్వుతున్నారు.

"అవి పడుగులు, మనుషులున్నరు, ఆపుండ్రి" అని లేచి అరిచాను. టీ ఇచ్చేవాడికి తెలుగు రాదు. భయంతో పిచ్చెత్తిందనుకుని భుజాలు పట్టి కూర్చోబెట్టాడు. వకీలు గారికి తెలుగు వచ్చు కదా. "జర ఆ దొరకు జెప్పుండ్రి సాబ్" అని బతిమాలాను.

"కూసోవయ్యా. ఇంత సప్పుడు ఇంటె వాళ్లే లేసి ఉరుకుతరు. కుక్కలు గూడ ఉరుకుతయి గద."

"సాలోల్లు ఉరకరు సాబ్. గంజి తడి మీదున్నది."

ఆయనకు అర్థం కాలేదు. చదివేవాళ్లలో కూడా చాలామందికి అర్థం కాదు కనుక చెబుతాను. గంజి పెట్టిన పడుగును ఆరేదాకా దువ్వుతూనే ఉండాలి. మధ్యలో వదిలితే పోగుకు పోగు అంటుకుని చీపురు కట్టలా బిగుసుకుంటుంది, ఇక మగ్గానికి ఎక్కదు. అందులోనూ నూలు కంట్రోలులో దొరుకుతున్న రోజులు. ఒక పడుగు పాడైతే మళ్లీ నూలు ఎప్పుడు ఇస్తారో దేవుడికే తెలియాలి. మా నాయన పోయిన పొద్దున మా చిన్నాయన పడుగు మీద ఉన్నాడు. కబురు విన్నాడు, ఏడుస్తూనే దువ్వాడు, ఆరిన తర్వాతే ఇంటికి వచ్చాడు. మా వాడలో ఎవరూ తప్పు పట్టలేదు. అటువంటి వాళ్లు విమానం చప్పుడుకు లేస్తారా? యుద్ధం ఉన్నన్నాళ్లూ విమానాలు నెత్తిమీద తిరుగుతూనే ఉన్నాయి.

"ఇప్పుడు మల్ల పైకి లేపితె అందరం సస్తం. కూసో" అన్నాడు వకీలు గారు.

నేను కూర్చున్నాను. టీ ఇచ్చేవాడు నొక్కిపట్టినందుకు కాదు, వాడిని తోసెయ్యగల బలం నాకుంది. నాకూ బతకాలనిపించింది. దిగవద్దని నోరు అరుస్తుంటే, లోపల దిగితే బాగుండునని కోరుకున్నాను. వకీలు గారిని, పైలట్ దొరను ఎంత తిట్టినా, తిట్టడం అయిపోయాక ఈ ఒక్కటి మిగులుతుంది.

వీపనగండ్ల

నేల తగిలింది, ఎగిరింది, మళ్లీ తగిలింది. దుమ్ములో చాలాసేపు ఈడ్చుకుపోయి ఆగాము. పద్నాలుగు మందిమీ బతికే ఉన్నాము. ఒకావిడకు వేలు గీరుకుపోయింది, వకీలు గారి షేర్వాణీ చిరిగింది. నేను అందరికంటే ముందు దూకి వెనక్కి పరుగెత్తాను.

ఇద్దరు ఆడవాళ్లు, ఒక మగమనిషి ఆఖరి గడియలో బోర్లా పడుకుని బతికారు. ఒక పడుగు అట్లాగే ఉంది. రెండోది విమానం చక్రం ఈడ్చుకుపోయింది. దాని కొసన మేకు దగ్గర ఒక ముసలాయన ఉన్నాడు. పడుగు వదులైనప్పుడల్లా బిగించడానికి కొస తాడును ముంజేతికి చుట్టుకుని పట్టుకున్నాడు. చక్రానికి పడుగు తగులుకున్నప్పుడు తాడు చేతిని, చేయి మనిషిని లాక్కుపోయాయి. ఇరవై అడుగుల దూరం ఈడ్చింది. కుడిచేయి మోచేతి దగ్గర ఎటు తిరగకూడదో అటు తిరిగి ఉంది.

ఆయన పేరు బాలయ్య. కళ్లు తెరిచి నన్ను చూసి, "అయ్యా, ఇంకో పడుగు బాగున్నదా?" అన్నాడు.

"బాగున్నది. ఎందుకు ఇడువలేదు మామా?"

మామా అన్నందుకు నన్ను తేరిపార చూశాడు. "సాలోనివేనా? మరి నువ్వే అడిగితె ఎట్ల అల్లుడా" అన్నాడు.

మిగిలిన పడుగును ఆ ఇద్దరు ఆడవాళ్లూ అప్పటికే మళ్లీ దువ్వుతున్నారు. ఏడుస్తూ దువ్వుతున్నారు. ఊళ్లోవాళ్లు వచ్చి విమానంలోని వాళ్లను నీడకు చేర్చి, కుండతో నీళ్లు, జొన్న అంబలి, ఉల్లిగడ్డలు తెచ్చారు. వకీలు గారు కుండ వైపు చూసి, కాచిన నీళ్లేనా అని అడిగాడు. పైలట్ దొర సిగరెట్టు ముట్టించి, ఈ తెల్లటివి ఇక్కడ ఎవరు పరిచారు, ఎందుకు పరిచారు అని అడిగించాడు. బాలయ్య పడి ఉన్న వైపు తల తిప్పి చూడలేదు. చెప్పినా చూడలేదు.

పటేలు గుర్రం మీద కబురంపితే మధ్యాహ్నానికి వనపర్తి నుంచి రెండు మోటార్లు వచ్చాయి. ఒకదాంట్లో పోలీసు అమీను, ఒక డాక్టరు. రెండోదాంట్లో, ఆ వేళ పని మీద వనపర్తిలోనే ఉన్న విమానం కంపెనీ మేనేజరు. డాక్టరు ముందు వేలు గీరుకుపోయిన ఆవిడకు కట్టు కట్టాడు. అమీను పంచనామాకు కాగితం తీసి, విమానం దిగే దారిలో ఇవి పరవమని ఎవరు చెప్పారని గద్దించాడు. బాలయ్య భార్య లచ్చమ్మ మొగుడి తలను ఒళ్లో పెట్టుకుని ఉంది. తల ఎత్తకుండానే జవాబు చెప్పింది.

"మా తాతల కాడినుంచి గీడనే పరుస్తం. మీ ఇమానాన్ని గీడ దిగుమని ఎవరు జెప్పిండ్రు?"

అమీను కలం ఆగింది. ఆ మాట మాత్రం కాగితంలోకి ఎక్కలేదు.

ఇక్కడ కట్టే చేయి కాదని డాక్టరే అన్నాడు కనుక, బాలయ్యను మోటారులో వేసుకుని వనపర్తి దవాఖానకు తీసుకుపోదామన్నాను. చోటు లేదన్నాడు మేనేజరు. నా టికెట్టు తీసి చూపించి, నా సీటు ఆయనకు ఇస్తాను, నేను నడిచి వస్తానన్నాను. ఆయన నన్ను పక్కకు పిలిచి, మంచిమాట చెబుతున్నట్టు చెప్పాడు. టికెట్టు ఉన్నవాళ్ల బాధ్యతే కంపెనీదట. ఊరివాణ్ణి ఒకసారి బండి ఎక్కిస్తే కంపెనీ వల్లే దెబ్బ తగిలిందని ఒప్పుకున్నట్టవుతుందట. నేను అన్న మాటలు ఇక్కడ రాస్తే అచ్చు వేయరు. మోటార్లు పోయాయి. నా పెట్టె ఒక్కటీ కింద పెట్టి పోయారు.

కోడేరు

ఊళ్లో ఖాసీం సాయిబు అని నూనె గానుగ ఆయన ఉన్నాడు. ఎవరూ అడగకముందే ఎడ్లు కట్టి, బండిలో గడ్డి పరిచి తెచ్చాడు. నాగర్‌కర్నూలు దవాఖానకు పోదాము, దారి గతుకులు తక్కువ అన్నాడు. బాలయ్య, లచ్చమ్మ, నేను ఎక్కాము. కొలంబో నుంచి బెంగళూరు దాకా కొన్ని గంటల్లో వచ్చినవాణ్ణి, ఆ పొద్దంతా కలిపి కోడేరు దాటలేకపోయాను. గతుకు వచ్చినప్పుడల్లా బాలయ్య పళ్లు కొరుక్కునేవాడు. ఖాసీం దిగి ఎడ్ల ముందర నడుస్తూ రాళ్లు ఏరి పక్కకు వేసేవాడు.

కోడేరులో ఒక రైతు ఇంటి ముందు బండి ఆపాము. ఇంటావిడ ఏమైందని కూడా అడగకుండా వేడి రొట్టె మీద పల్లీల పచ్చడి వేసి ఇచ్చింది. బెంగళూరులో ఒక ఇడ్లీ ముక్కకు, అరకప్పు కాఫీకి ఎనిమిది అణాలు గుంజారు. ఇక్కడ ఎంత ఇవ్వాలని అడిగితే ఆవిడకు కోపం వచ్చింది. "దెబ్బ తగిలిన మనిషిని పెట్టుకుని బేరమేంది?" అన్నది. నిజానికి ఆ రోజు నా కోపం కాస్త తగ్గిన చోటు అదొక్కటే.

నాగర్‌కర్నూలు, తెలకపల్లి

మర్నాడు నాగర్‌కర్నూలు దవాఖానలో డాక్టరు మంచివాడే. చూసి, ఎముక రెండు చోట్ల నలిగింది, చీము పట్టకముందే మోచేతి పైకి తీసేస్తే ప్రాణానికి భయం ఉండదన్నాడు. లచ్చమ్మ నా వైపు చూసింది. మగ్గం మీద కుడిచేయి లేకపోతే ఏమవుతుందో ఆమెకూ నాకూ ఎవరూ చెప్పనక్కరలేదు. తాడు గుంజి, అడ్డపోగు మోసే నాడెను పరుగెత్తించేది ఆ చేయే.

"చెయ్యి తీపియ్యను" అన్నాడు బాలయ్య. "సస్తె సాలోని లెక్కనే సస్త."

తెలకపల్లిలో ఎముకలు కట్టే ముసలాయన ఉన్నాడని ఖాసీం అన్నాడు. పోయాము. ఆయన చేతిని తడిమి, కళ్లు మూసుకుని, మాట్లాడుతూ మాట్లాడుతూనే ఒక్క గుంజు గుంజాడు. బాలయ్య అరిచిన అరుపుకు బయట ఎడ్లు బెదిరాయి. గుడ్డు సొన పట్టించి, వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టి, "చెయ్యి నిలవడ్తది. మునుపటి లెక్క వంగుతదా అంటె నేను జెప్ప" అన్నాడు. నలభై రోజులు కదపవద్దన్నాడు. బాలయ్య చుట్టాలు తెలకపల్లిలోనే ఉన్నారు కనుక వాళ్ల ఇంట్లో దింపాను.

నేను వనపర్తి మీదుగా ఇంటికి వచ్చాను. అక్కడ టీ కొట్టువాడు చెప్పాడు: విమానం వాళ్లను పెద్ద బంగళాలో దింపి, రెండు పూటలా బిర్యానీ పెట్టి, మోటార్లలో సాగనంపారట. వాడు గొప్పగా చెబుతున్నాడు, పాపం వాడిదేం తప్పు. నేను టీ సగంలో వదిలేసి లేచాను.

మళ్లీ వీపనగండ్ల

కిందటి నెలలో నాకు కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. మా స్కూలు పంతులు చదివి చెప్పాడు. ఆ రోజు విమానంలో ఉన్న పద్నాలుగు మంది పేర్లు వరుసగా ఉన్నాయి. పైలట్ దొర సాహసం వల్ల ఆ ఉదయం ఏ ఒక్కరికీ గాయం కాలేదని ధ్రువపరుస్తూ కింద సంతకం చేసి పంపాలట. దొరకు హైదరాబాదులో సన్మానం చేస్తారట. వకీలు గారి సంతకం అప్పటికే ఉంది, చాలా అందమైన సంతకం.

ఆ కాగితం తీసుకుని నేరుగా వీపనగండ్ల పోయాను. బాలయ్య గడప మీద కూర్చుని ఉన్నాడు. కట్టు విప్పారు. చేయి నిలిచింది, వంగడం లేదు. కర్రలాగా పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. మగ్గం గుంట మీద చాప కప్పి ఉంది.

"నాడె సంగతి ఇడువు అల్లుడా. బువ్వ గూడ నోటిదాక రాదు. ఎడమ చేత్తోని తింటున్న. మనుమరాలు నవ్వుతది" అన్నాడు.

కాగితంలో ఏముందో పంతులు చెప్పినట్టే చెప్పాను. కంపెనీని, దొరను నోరారా తిట్టాను. నా తిట్లు అయిపోయాక ఆయన అడిగాడు.

"అందరి పేర్లు రాసిండ్రా?"

"రాసిండ్రు. పద్నాలుగు మందివి."

"నాది?"

"లేదు మామా."

"ఎవనికి దెబ్బ తగల్లేదని రాసిండ్రంటివి గద. మరి నేను ఆ పొద్దు యాడున్న?"

నేను సంతకం చేయనని చెప్పాను. దీని మీద ఆయన పేరు రాసి పంపినా వాళ్లు చించి పారేస్తారని, అందుకని నేను పోయివచ్చిన సంగతంతా రాసి, జనం చదివే చోట అచ్చు వేయిస్తానని చెప్పాను. బాలయ్య ఒక షరతు పెట్టాడు.

"అయితె ఊరి పేరు గూడ పెట్టు. లేకుంటె ఇంకే బాలయ్యనో అనుకుంటరు."

ఆ ఉదయం ఆ విమానం వల్ల దెబ్బ తగిలిన మనిషి ఒకడున్నాడు. పేరు సాలె బాలయ్య. ఊరు వీపనగండ్ల. పోయింది కుడిచేయి.